పిలిచినాక పెట్టాలి

ఆదివారం సాయంత్రంలోగా రాకేశ్ చేయవలసిన పనులు ఇవి:

ఒకటి. క్యాంపులోని తెలుగువాళ్లలో అరవై నాలుగు మంది పేర్లు, ఐడీ నంబర్లు రాసి ఆఫీసుకు పంపాలి.

రెండు. అందరికీ కంపెనీ నీలం టీషర్టులు. గడ్డాలు గీసుకోవాలి. చెప్పులతో రాకూడదు, బూట్లు వేసుకోవాలి.

మూడు. ఎవరి దగ్గరా పార్టీ కండువా కనిపించకూడదు. నినాదాలు అసలే కూడదు.

నాలుగు. మూడింటికల్లా సోనాపూర్ క్యాంపు గేటు దగ్గర రెండు బస్సులు. హాల్లో వెనక నాలుగు వరుసలు మనవి. ముందుకు రాకూడదు.

ఐదు. ఆఖరి పాటలో స్టేజీ మీదనుంచి చెప్పగానే అందరూ ఫోన్ లైట్లు వేసి చేతులు పైకెత్తి ఊపాలి.

ఆరు. ఆశన్నకు తెల్ల చొక్కా తొడిగి తీసుకురావాలి. ఆయనకు శాలువా కప్పుతారు. స్టేజీ మీద ఆ పిలుపు ఆయనే పిలవాలి.

మేనేజరు, క్యాంపు భాషలో ముదీర్ గారు, వాట్సాప్‌లో పంపిన ఈ ఆరింటినీ రాకేశ్ తన నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. కింద ఏడోది సొంతంగా రాసుకున్నాడు: "పాటలోంచి భూమేశ్ పేరు తీయించాలి." ఎంత గట్టిగా ఒత్తి రాశాడంటే పెన్ను కాగితానికి చిల్లి పెట్టింది.

ఆరు పనుల ఏర్పాట్లూ శనివారానికే అయిపోయాయి. ఏడోది కాలేదు.

రాకేశ్ దుబాయ్‌లోని ఆ కట్టడాల కంపెనీలో టైంకీపరు. ఎవడు ఎన్ని గంటలు పని చేశాడో రాయడం అతని ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. అమ్మ బీడీలు చుట్టి జగిత్యాలలో బీకాం చదివించింది. అందుకని క్యాంపులో ఎవరికి ఏ కాగితం వచ్చినా, ఏ ఫారం నింపాలన్నా రాకేశ్ గదికే వచ్చేవాళ్లు. తానూ కాదనేవాడు కాదు. చదువుకున్నవాడు ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లా అనుకునేవాడు.

పక్క మంచం స్లాబులకు చెక్కలు బిగించే భూమేశ్‌ది. షట్టరింగ్ కార్పెంటర్. జులైలో ఒకనాడు పని నుంచి వచ్చి, తలకు తడి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ముప్పై ఎనిమిదేళ్లు. పందొమ్మిది రోజులు రాకేశ్ కాగితాలు పట్టుకుని తిరిగితే శవపేటిక విమానం ఎక్కింది.

అది ఎన్నికల ఏడాది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బయట భూమేశ్ కోసం రెండు అంబులెన్సులు వచ్చి ఉన్నాయి. ఒక పార్టీది ఒకటి, ఇంకో పార్టీది ఇంకొకటి. రెండింటి మీదా నాయకుల బొమ్మలే. మా బండిలో ఎక్కించాలంటే మా బండిలో అని రెండు గుంపులూ పెట్టెను చెరొక కొసా పట్టుకుని గుంజాయి. పెట్టె రోడ్డు మీద పెట్టి చొక్కాలు చించుకున్నారు. మూడు గంటలు ఆ పెట్టె ఎండలో ఉంది. భూమేశ్ తల్లి భూమవ్వ తన కొంగు తీసి పెట్టె మీద కప్పి, దాని పక్కనే కూర్చుంది. ఎవరో అదంతా ఫోన్లో తీశారు.

ఆ వీడియో చూసిన మధ్యాహ్నం రాకేశ్ అన్నం పళ్లెం పక్కకు జరిపాడు. టైంషీటు వెనక్కి తిప్పి నాలుగు వరసలు రాశాడు.

"పెట్టె ఒక్కటె, బండ్లు రెండు,
పీనుగొక్కటె, జెండలు రెండు,
నువ్వా కొస గుంజు, నేనీ కొస గుంజ,
నడిమిట్ల మండుతాంది మా అన్న పెయ్యి."

రాస్తూ పోతే ఇంకా వచ్చింది. మొదటి చరణంలో ఏలుతున్నవాళ్లను కడిగాడు, రెండో చరణంలో ఏలాలని చూస్తున్నవాళ్లను కడిగాడు. టైంషీట్లతో పాటు ఆ కాగితం కూడా పొరపాటున ఆఫీసుకు వెళ్లి, ప్లానింగ్ ఇంజనీరు చరణ్‌తేజ్ బల్ల మీద పడింది. చరణ్‌తేజ్‌ది విజయవాడ. సెలవు రోజుల్లో అల్ కుసైస్‌లో ఒక గోదాము పైగదిలో గిటారు వాయిస్తాడు. అతనితో తన్మయి అని ఒక అమ్మాయి పాడుతుంది, సిద్ధార్థ్ డ్రమ్స్ కొడతాడు.

"ఇది నువ్వు రాశావా? ఇది రాక్ పాట రాకేశ్! అసలు ఈ కోపం ఎక్కడ దాచావు?" అన్నాడు చరణ్‌తేజ్. రాకేశ్‌కు ఆ మాట ఇష్టమైంది. అబద్ధమెందుకు, బాగా ఇష్టమైంది.

తప్పు ఆ తర్వాత జరిగింది.

ఊళ్లో భూమేశ్‌కు పిట్టకు పెట్టిన రోజే ఇక్కడ క్యాంపు మిద్దె మీద గదివాళ్లు కూడా పెట్టారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తిన్నట్టు. ముట్టగానే అందరూ అటు తిరిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. కాకి రాకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో కనుక్కుని మాట ఇవ్వాలి.

పెద్దవాడు ఆశన్న పిలిచాడు. అరవైకి దగ్గరపడ్డ తాపీమేస్త్రి, ముప్పై ఏళ్లుగా దుబాయ్‌లోనే ఉన్నాడు. "భూమేశా... రా కొడుకా... తిని పో..." ఆ గొంతు ఇసుక జల్లించినట్టు ఉంటుంది. పావురాలు వచ్చాయి, తోలేశారు. గంట గడిచినా కాకి రాలేదు. కింద మెస్సు వంటవాడు లాల్ అహ్మద్ పెషావర్‌వాడు, మటన్ తనే వండిచ్చాడు. అతను కూడా మెట్లెక్కి వచ్చి ఆకాశంలోకి చూసి, "అరే కవ్వే భాయ్, ఆజా యార్, నమక్ బరాబర్ హై!" అని కాకిని రమ్మని, ఉప్పు సరిగ్గానే ఉందని కేకేశాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

"నీ బిడ్డలను సదివిస్తం భూమేశా," అన్నాడు ఆశన్న. కాకి రాలేదు. "నీ అవ్వను సూసుకుంటం." రాలేదు. అప్పుడు ఆశన్న పళ్లు కొరుకుతూ, "నీ పీనుగు మీద కొట్టుకున్నోళ్ల జెండ నీ వాకిట్లకు రానియ్యం. నీ పేరు వాళ్ల నోట్లె పడనియ్యం. మాటిస్తున్న కొడుకా, రా," అన్నాడు. నీళ్ల ట్యాంకు వెనకనుంచి ఒక కాకి వచ్చి వాలింది. మటన్ ముక్కను ముట్టింది. అందరూ వెనక్కి తిరిగి మెట్లు దిగారు.

ఇంటివాళ్లకు పంపడానికి రాకేశ్ అదంతా ఫోన్లో తీశాడు. క్యాంపులో అందరూ అట్లాగే చేస్తారు. చరణ్‌తేజ్ అడిగితే ఆ రికార్డింగ్ అతనికి కూడా ఇచ్చాడు. పాటకు బలం వస్తుందనుకున్నాడు. భూమేశ్‌కు జరిగింది పదిమందికీ తెలుస్తుందనుకున్నాడు. ఆశన్నను ఒక్క మాట అడగలేదు.

అక్టోబరులో పాట వచ్చింది. ఆశన్న పిలుపుతో మొదలై, గిటారు దాని మీద విరుచుకుపడి, తన్మయి గొంతు చించుకుని పాడుతుంటే మొదటిసారి విన్నప్పుడు రాకేశ్‌కు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వారంలో లక్షలమంది చూశారు. కింద వ్యాఖ్యలు: "ఎవడిచ్చాడురా పైసలు?" "ఏసీల కూసున్న దుబాయ్ దొరలకు తెలంగాణ గురించి ఎందుకు?" "మా నాయకుని జోలికొస్తే ఖబడ్దార్." ఏడ్చినవాళ్లూ ఉన్నారు. రాకేశ్ ప్రతిదీ చదివాడు. తిట్లు చదివినప్పుడు కూడా గర్వమే అనిపించింది.

తర్వాత ఒక పార్టీవాళ్లు మొదటి చరణం కోసేసి, తమ ప్రత్యర్థుల్ని తిట్టిన రెండో చరణం మాత్రం తిప్పారు. రెండో పార్టీవాళ్లు రెండోది కోసేసి మొదటిది తిప్పారు. భూమేశ్ మా కార్యకర్తే అని ఒకరు, కాదు మావాడే అని ఒకరు. చివరికి ఆ చరణాలూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. డీజేవాళ్లు పిలుపు ఒక్కటే పట్టుకుని దానికి దరువు కట్టారు. ప్రచారం బండి మీద, ఊరేగింపులో, సభ మొదలయ్యే ముందు, రెండు పార్టీలవాళ్లూ అదే వేశారు. "భూమేశా... రా కొడుకా..." అనగానే కుర్రాళ్లు ఎగిరేవాళ్లు.

భూమేశ్ భార్య రేణుక ఫోన్ చేసింది.

"రాకేశ్, ఆ పాట బందు పెట్టించు."

"ఏమైంది వదినె?"

"ఏమైందా? పొద్దుగాల ఆరింటికి ఒక బండొస్తది, పిలుస్తది. ఎనిమిదింటికి ఇంకోటొస్తది, పిలుస్తది. పిలిసినప్పుడల్ల అత్త ఒక ముద్ద తీస్కపోయి గోడ మీద పెడుతది. ఎందుకత్తా అంటె, పిలిసినంక పెట్టకపోతె ఎట్లనే, ఆకలితోని వచ్చి పోతడు గదా అంటది. పగటీలికే అన్నం గంజు ఖాళీ. మొన్న ఆమె తినేది గూడ పెట్టేసింది. ఆమెకు పిచ్చిలేదు రాకేశ్. ఆమె సక్కగనే ఉన్నది. పిలిసేటోళ్లకే సిగ్గులేదు."

రాకేశ్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"మా పెనిమిటిని ఎవరు పిలిసిన్రో వాళ్లే బందు పెట్టాలె," అని రేణుక ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే ఆశన్న దగ్గర కూర్చుని, రికార్డింగ్ ఇచ్చింది తానేనని చెప్పాడు. ఆశన్న తిడతాడనుకున్నాడు. ఆయన తిట్టలేదు. "మాటిచ్చింది నేను. తప్పించింది నువ్వు. సదువుకున్నోనివి, నువ్వే సూడు," అన్నాడు. కొట్టి ఉంటే తేలికగా ఉండేది.

మర్నాడు డ్యూటీ దిగగానే రాకేశ్ ఆ గోదాము మీదికి వెళ్లాడు. తెలుగు అసోసియేషన్ వాళ్లు ఒక స్కూలు ఆడిటోరియంలో కార్యక్రమం పెట్టారు, దానికోసం సాధన జరుగుతోంది. రాకేశ్ బూట్లు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ పిలుపు తీసెయ్యుండ్రి సార్. ఆ పేరు ఉండద్దు."

చరణ్‌తేజ్ గిటారు దించలేదు. "అదెలా కుదురుతుంది రాకేశ్? పాటకు ప్రాణమే అది. పైగా ఇప్పుడు మిగిలింది కూడా అదే. అసోసియేషన్‌వాళ్లు లిరిక్స్ చూశారు. రాజకీయం ఒక్క ముక్క కూడా వద్దన్నారు. ఇక్కడి రూల్స్ నీకు తెలీనివా? రెండు చరణాలూ తీసేసి, పిలుపు, తన్మయి ఆలాపన, మ్యూజిక్ ఉంచుతున్నాం."

"అంటే నేను రాసిందంత తీసేసిన్రు. నేను రాయనిది ఉంచుకున్నరు."

"అలా ఎందుకు తీసుకుంటావు? స్టేజీ మీద భూమేశ్‌కు అంకితం అని చెప్తాం. మీ ఆశన్నగారికి సన్మానం చేస్తున్నాం. మన లేబర్ బ్రదర్స్‌కు నాలుగు వరుసలు ఇప్పించింది నేనే తెలుసా?"

"బండ్ల మీద ఏస్తున్నరు సార్. ఆమె అన్నం పెట్టి పెట్టి పస్తులుంటున్నది."

"దానికి నేనేం చెయ్యను? పొలిటికల్ పార్టీలు చేసిన దానికి నన్నంటే ఎలా?"

పెద్దవాళ్ల ముందు గొంతు లేపడం అతనికి ఇంట్లో నేర్పలేదు. అయినా లేచింది.

"మీ నాయినగారి పేరు రామచంద్రరావుగారు గదా సార్. ఒక్క వారం మీ ఇంటి ముందట మైకు పెట్టి 'రామచంద్రరావా, రా, తిని పో' అని పిలుస్తం. డీజే పెట్టి ఎగురుతం. ఆయన సల్లగ బతికే ఉన్నరు, ఏం గాదు. మీ అమ్మగారు వింటరు, గంతే. వారం అయినంక మాట్లాడుకుందం."

చరణ్‌తేజ్ లేచిన విసురుకు కుర్చీ పడిపోయింది. "మాట మర్యాదగా రానీ! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తాంది సార్. ఇప్పుడు మీకు గూడ తెలిసింది, అది ఉత్త పాట గాదని."

సిద్ధార్థ్ చేతిలో కర్ర జారి డ్రమ్ము మీద పడింది. తన్మయి మైకు ముందు అట్లాగే నిలబడి ఉంది. "చరణ్, ఒక్కసారి ఆలోచిద్దాం..." అంది మెల్లగా.

"ఆలోచించేదేం లేదు, పోస్టర్లు పడ్డాయి. నువ్వు వెళ్లు రాకేశ్. ఉద్యోగం గురించి కూడా కాస్త ఆలోచించుకో."

మూడోనాడు ముదీర్ గారి దగ్గరనుంచి ఆ ఆరు పనుల జాబితా వచ్చింది. తోలుకెళ్లే బాధ్యత రాకేశ్‌దేనట.

ఆదివారం మూడింటికి బస్సులు కదిలాయి. నీలం టీషర్టుల్లో అరవై నాలుగు మంది, నున్నగా గీసిన గడ్డాలు. ముందు సీట్లో తెల్లచొక్కాతో ఆశన్న. ఒళ్లో స్టీలు టిఫిను.

"గదేంది మామా?"

"అన్నం."

"ఆడ భోజనాలు పెడుతరట."

"నాకు గాదు తియ్." కాసేపటికి ఆశన్న వెనక్కి తిరిగి బస్సంతా వినబడేట్టు అడిగాడు: "ఏమయ్యా, పిట్టను పిలిసినంక ఏం జేస్తరు?"

"పెడుతం," అన్నారెవరో.

"పెట్టినంక?"

అది అడిగి తెలుసుకునే సంగతి కాదు, అందరికీ పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతి. ఆశన్న ఏం తలపెట్టాడో రాకేశ్‌కు అర్థమైంది. నోటుబుక్కులో నంబర్లు వెతికి వెనక బస్సులో ఉన్నవాళ్లకు ఫోన్ చేయబోయాడు. "అద్దుర," అన్నాడు ఆశన్న. "ఎవ్వనికి ఏం జెప్పకు. ఎరుకున్నోడు జేస్తడు."

హాలు నిండింది. ముందు వరుసల్లో పట్టుచీరలు, పూల వాసన, పిల్లల చేతుల్లో చిప్సు. నాట్యాలయ్యాయి, ప్రసంగాలయ్యాయి. ఆశన్నకు శాలువా కప్పుతామని మైకులో పిలిచారు. ఆయన కూర్చున్న చోటే చేతులు జోడించి తల అడ్డంగా ఊపాడు. సిగ్గుపడుతున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎవరో శాలువా తెచ్చి సీటు దగ్గరే కప్పిపోయారు.

చివరి పాట. లైట్లు ఆరాయి. "మన గల్ఫ్ అన్నలందరికీ అంకితం!" అన్నాడు చరణ్‌తేజ్. భూమేశ్ పేరు ఆ అంకితంలో లేదు. ఆ పేరు పిలుపులో మాత్రమే ఉంది. స్పీకర్లలోంచి రికార్డింగులోని ఆశన్న గొంతు ఆ హాలంత పెద్దదై వచ్చింది.

"భూమేశా... రా కొడుకా... తిని పో..."

ముందు వరుసల్లో ఫోన్ లైట్లు లేచాయి, ఊగాయి. ఒక పాప సీటు మీద నిలబడి గెంతుతోంది. వెనక చీకట్లో ఒక్క లైటూ వెలగలేదు.

మూడోసారి పిలుపు ముగిసిందో లేదో ఆశన్న లేచాడు. శాలువా మడిచి సీటు మీద పెట్టాడు. స్టేజీకి వీపు తిప్పి నడిచాడు. ఆయన వెంట రాకేశ్. ఆ వెనక వరుస మొత్తం, దాని ముందు వరుస, దాని ముందుది. నినాదం లేదు, కండువా లేదు, చేయి ఎత్తినవాడు లేడు. కంపెనీ బూట్ల చప్పుడొకటే. అరవై నాలుగు వీపుల మీద కంపెనీ పేరు తెల్లని అక్షరాల్లో కనబడుతుండగా తలుపు దాటారు.

పాడాల్సిన చోట తన్మయి పాడలేదని రాకేశ్ చెవికి తెలిసింది. డ్రమ్ము ఆగింది. గిటారు ఒక్కటే కాసేపు మోగింది. తర్వాత అదీ ఆగింది. వెనక ఏం జరుగుతోందో చూడాలని మెడ లాగింది. చూడలేదు.

బయట కార్ల దగ్గర ఇంకా కాస్త ఎండ ఉంది. ఆశన్న గోడ మీద టిఫిను మూత పెట్టి, అందులో అన్నం, లాల్ అహ్మద్ వండిన మటన్ వేశాడు. ఈసారి పిలవలేదు.

"లోపట పిలిసిన్రు గదా. బిడ్డ వచ్చే ఉంటడు. తిననియ్యి," అన్నాడు. అందరూ అటు తిరిగి బస్సుల వైపు నడిచారు. కాకి వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. చూడకూడదు.

సోమవారం రాకేశ్‌కు కాగితం వచ్చింది. కార్యక్రమానికి భంగం కలిగించినందుకు హెచ్చరిక. దూరాన ఉన్న ఉమ్ అల్ క్వైన్ యార్డుకు బదిలీ. అతను సంతకం పెట్టి కాపీ తీసుకున్నాడు. ఎన్ని గంటలకు సంతకం పెట్టాడో అలవాటుగా పక్కన రాశాడు. చరణ్‌తేజ్ ఆ వైపుగా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి పోయాడు. సాయంత్రం తన్మయి ఫోన్ చేసింది. "మా ఛానెల్లోంచి తీసేశానండీ. చరణ్ ఒప్పుకోలేదు, పాస్‌వర్డ్ నా దగ్గరుంది, తీసేశాను. కానీ అందరూ దించుకున్నారు కదా... అవి నా చేతిలో లేవు."

"ఎరుకే మేడం," అన్నాడు రాకేశ్. "తీసిన్రు, అది చాలు" అని మర్యాద కోసం అనబోయి, అనలేదు. చాలదు.

ఊళ్లో బండ్లు పోలింగు దాకా పిలుస్తూనే ఉన్నాయి. భూమవ్వ పెడుతూనే ఉంది. గెలిచినవాళ్లు విజయోత్సవంలో కూడా అదే వేశారు. రేణుక వాకిట్లో మాత్రం జెండా పడలేదు. కట్టడానికి వచ్చినవాళ్లను ఆమె చీపురు తిరగేసి తరిమింది. ఆశన్న ఇచ్చిన మాటలో సగం అట్లా నిలబడింది.

ఆ పాట ఇంకా తిరుగుతూనే ఉంది. పెళ్లి బరాతులో, ఎవరి ఫోన్లోనో, రేపో మాపో మీ చెవిన పడుతుంది. పడితే ఒక్క క్షణం ఆగండి. భూమేశ్ ఏ పార్టీ మనిషీ కాదు. షట్టరింగ్ కార్పెంటర్. ఎడమచేతి బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు సగం ఊడి ఉండేది. మటన్‌లో చింతపులుసు పోసుకుని తినేవాడు. తడి తువ్వాలును పిండి తన తలకంటే ముందు పక్క మంచంవాడికి ఇచ్చేవాడు. అతన్ని గుర్తు పెట్టుకోండి. పేరుతో సహా గుర్తు పెట్టుకోండి. పెట్టడానికి చేతిలో ముద్ద లేకుండా మాత్రం పిలవకండి.